పుక్కిట పట్టిన నీళ్ళు

తాడేపల్లిగూడెం,
21 నవంబరు 2007, బుధవారం.

నాన్నగారికి,

మన మొగిలిలంక నీళ్ళు దొంగిలించినవాడు శేషగిరిరావు. ఈ మాట అన్నిటికన్నా ముందు రాస్తున్నాను. ఎందుకంటే ఈ ఉత్తరం చివరిదాకా చదివాక మీకు ఇంకొకడి మీద కోపం వస్తుంది. ఆ కోపంలో శేషగిరిరావును మరిచిపోతారేమోనని నా భయం. తన చేపల చెరువు గట్టును ఏడాదికింత చొప్పున మన కొల్లేటి చేపల సొసైటీ నీళ్ళలోకి జరుపుకుంటూ వచ్చినవాడు ఆయన. తాతల నాటి ఏడు సరిహద్దు రాళ్ళలో మూడింటిని పోయిన వారం పొక్లెయిన్ పెట్టి పెకలించి లారీకెత్తించినవాడు ఆయన. ఇది మనసులో పెట్టుకొని మిగతాది చదవండి.

క్షేమం రాయకుండా ఉత్తరం మొదలుపెడితే అమ్మ కంగారు పడుతుంది కాబట్టి అదీ రాస్తున్నాను. నా ఒళ్ళు బాగానే ఉంది, దగ్గు తగ్గింది. మీ మోకాలు, అమ్మ కళ్ళు, మన దోనె, మూడూ బాగున్నాయని తలుస్తాను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో అయితే నేను అరుస్తాను, మీరు వింటూ ఊరుకుంటారు, అమ్మ మధ్యలో లాక్కుని ఏడుస్తుంది. కాగితం మీద అరిస్తే ఎవరికీ వినపడదు. మీకు తెలిసిన సంగతులు కూడా ఇందులో పూర్తిగా రాస్తున్నాను. ఎందుకో చివర తెలుస్తుంది.

మీ ఉత్తరం శనివారం అందింది. మొత్తం ఏడు వాక్యాలు. మీరు మాట్లాడే లెక్కన అది పెద్ద ఉపన్యాసమే. అందులో మూడు ప్రశ్నలు అడిగారు. రెండు పూటలా తింటున్నావా అన్నది మొదటిది. నల్ల తెర మీద ఏదో కొట్టి టీకి వెళ్ళిపోతే కంప్యూటరే వీడియో తయారు చేస్తుందని అమ్మతో అన్నావట, నిజమేనా అన్నది రెండోది. నేను పనిచేసే వీడియో షాపు యజమాని యూసుఫ్ గారి మీద కాగితం వేసింది నువ్వేనా అన్నది మూడోది.

తింటున్నాను. ఎక్కడ తింటున్నానన్నది మూడో జవాబులో వస్తుంది.

రెండోది నిజమే. మన రేవులో చేపల లోడు ఎత్తేటప్పుడు ఎలా ఉంటుందో తలుచుకోండి. ఒకడు వలలోంచి తీస్తాడు, ఒకడు రకాలు ఏరతాడు, ఒకడు కడుగుతాడు, ఒకడు ఐసు కొడతాడు, ఒకడు పెట్టెలో సర్దుతాడు, ఆఖరివాడు లారీలోకి అందిస్తాడు. వీడియో పనీ అంతే. క్యాసెట్టును ముందు కంప్యూటర్లోకి ఎక్కించాలి. అంచులు కత్తిరించాలి. పనికిరాని ముక్కలు ఏరి పారేయాలి. తగ్గిన శబ్దం పెంచాలి. మొదట్లో పేర్లు అతికించాలి. సీడీలో పట్టేట్టు కుదించాలి. అదీ పట్టకపోతే రెండు సీడీలకు సరిపోయేట్టు విడగొట్టాలి. ఈ ఊళ్ళో వీడియో షాపులన్నిట్లో ఒక మనిషి మౌసు పట్టుకొని పొద్దస్తమానం కూర్చుంటాడు. ఒక పని అయ్యేదాకా తెర వంక చూస్తూ, అయ్యాక రెండో దానికి బటన్ నొక్కుతూ ఉంటాడు. కళ్ళు ఎర్రబడి, నడుం పట్టేసి, మనిషి బటన్ కింద బటన్ అయిపోతాడు.

నాకు అది మండింది. మనిషి పుట్టింది బటన్ నొక్కడానికా? ఇంజనీరింగ్ కాలేజీ దారిలో పాత పుస్తకాల కొట్లో ఒక కంప్యూటర్ పత్రిక కొన్నాను, దాంతో లైనక్సు సీడీ ఒకటి వచ్చింది. అందులో బొమ్మలూ బటన్లూ ఏమీ లేని ఒక పనిముట్టు ఉంది. నల్ల తెర మీద ఒక వాక్యం రాసి ఎంటర్ కొడితే ఆ వాక్యంలో ఏం చెప్పామో అదే చేస్తుంది. ఒక్కో పనికి ఒక్కో వాక్యం. ఆ వాక్యాలన్నీ ఒక ఫైల్లో వరసగా రాసి పెట్టుకుంటే, ఆ ఫైలు పేరు ఒక్కటి కొడితే చాలు. మొదటి వాక్యం తన పని చేసి రెండో దానికి అందిస్తుంది, రెండోది మూడో దానికి. రేవులో బుట్ట చేతులు మారినట్టే. మూడు నెలలు కూర్చుని రాశాను. దానికి 'వరస' అని పేరు పెట్టాను. మొదటిసారి అది ఆగకుండా చివరిదాకా నడిచిన రోజున నేను స్టేషన్ రోడ్డు మీద గట్టిగా ఈల వేసుకుంటూ నడిచాను. యూసుఫ్ గారు చూసి, "ఏంట్రా రత్నం, పెళ్ళి కుదిరిందా?" అన్నారు.

అప్పుడు నాకు తట్టని సంగతి ఒకటుంది. రేవులో చేతులు మారేటప్పుడు ప్రతివాడూ బుట్టలోకి ఒకసారి చూస్తాడు. నీళ్ళపాము ఉంటే అరుస్తాడు, తాబేలు పిల్ల పడితే నీళ్ళలోకి విసురుతాడు. నా వరసలో ఎవరికీ కళ్ళు లేవు.

ఇక మూడో ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే అక్టోబరు నుంచి మొదలుపెట్టాలి.

గట్టు ఎంత లోపలికి వచ్చిందో తేల్చడానికి ఏలూరులో విచారణ వేశారు. అధికారి దోనె ఎక్కి రాళ్ళు చూడడానికి రాడట. నీళ్ళ కింద రాళ్ళున్నాయని మీరే వీడియో తీసి సీడీలో ఇవ్వండి అన్నాడు. కుర్చీలో కూర్చుని కొల్లేరును టీవీలో చూస్తాడట! సరే, చూపిద్దాం అన్నాం. నేను యూసుఫ్ గారిని అడిగాను. ఆయన వెంటనే కెమెరా భుజాన వేసుకొని మన ఊరు వచ్చారు. మీ వెనక దోనెలో కూర్చుని తీశారు. షాపులో పెళ్ళి సీడీలు ఇవ్వాల్సి ఉంది కాబట్టి నేను రాలేదు. ఆ రోజు నేను రాకపోవడం మొదటి తప్పు.

రాళ్ళు తాకే పద్ధతి మన ఊరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. బయటివాళ్ళు ఎవరైనా ఈ ఉత్తరం వింటే వాళ్ళ కోసం రాస్తున్నాను. సరిహద్దు పేచీ వచ్చినప్పుడు ఊరు ఒకణ్ణి ఎంచుతుంది. అతను మొదటి రాయి దగ్గర కొల్లేటి నీళ్ళు పుక్కిట పట్టి, గెడతో దోనె నడుపుతూ, ఒక్కో రాయినీ గెడతో తాకి చూపిస్తాడు. ఏడో రాయి తాకేదాకా ఆ నీళ్ళు మింగకూడదు, ఉమ్మకూడదు. నోరు నిండినవాడు అబద్ధం చెప్పలేడు, ఎవరితోనూ బేరం ఆడలేడు. చూసేవాళ్ళు కూడా మాట్లాడకూడదు. ఏడో రాయి దగ్గర నీళ్ళు ఉమ్మి, "కొల్లేటి నీళ్ళు కొల్లేటికే" అంటాడు. అప్పుడే జనం నోరు విప్పుతారు. తాత చేశాడు. ఈసారి మీరు చేశారు. ఊరు మిమ్మల్ని ఎందుకు ఎంచిందో నాకు తెలుసు. నోట్లో నీళ్ళు లేకపోయినా మాట్లాడని మనిషి మీరొక్కరే.

క్యాసెట్టు వచ్చింది. నేను వరసలో వేశాను. సీడీ తయారైంది. దాని కవరు మీద 'మొగిలిలంక సరిహద్దు సాక్ష్యం' అని నా చేత్తో పెద్ద అక్షరాలు రాశాను.

నవంబరు అయిదున ఏలూరులో ఏం జరిగిందో మీకన్నా ఎక్కువగా నాకు గుర్తుంది. మీరు తల దించుకున్నారు, నేను దించుకోలేదు కాబట్టి అన్నీ చూశాను. టీవీలో మీరు దోనె మీద నిలబడి దోసిలితో నీళ్ళు తీసుకొని నోట్లో పోసుకున్నారు. మరుక్షణం ఉమ్మారు. "కొల్లేటి నీళ్ళు కొల్లేటికే" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అయిపోయింది! మధ్యలో ఒక్క రాయి లేదు, ఒక్క గెడ పోటు లేదు!

శేషగిరిరావు లాయరు లేచి చేతులు కట్టుకుని, "ఏవండీ, నాకు అర్థమైందేంటంటేనండీ, జ్ఞానయ్య గారు పొద్దున్నే ముఖం కడుక్కున్నారండీ. దానికి ఊరంతా చప్పట్లు కొట్టిందండీ. మంచి అలవాటేనండీ, కాదనం," అన్నాడు. గుమస్తా నవ్వాడు. బంట్రోతు నవ్వాడు. అధికారి నవ్వు ఆపుకుని, "రాళ్ళెక్కడున్నాయండీ ఇందులో?" అని మిమ్మల్ని అడిగాడు. మీరు టీవీ వంక చూస్తూ ఉండిపోయారు. మూడు వారాలు గడువిస్తున్నాను, ఇరవై ఆరో తారీఖు పదకొండు గంటలకు రాళ్ళు చూపించండి, లేకపోతే ఇప్పుడున్న గట్టే సరిహద్దని రాసేస్తాను అన్నాడు. బయటికొచ్చాక మెట్ల మీద శేషగిరిరావు మీ భుజం తట్టి, "జ్ఞానయ్యా, ఈసారి పళ్ళపొడి కూడా తెచ్చుకో," అన్నాడు.

నేను వాడి చొక్కా పట్టుకోబోతే మీరు నా చెయ్యి పట్టుకున్నారు. బస్సులో కూర్చున్నాక మీరు అన్నది ఒక్కటే. "క్యాసెట్టులో ఉంటాది కదరా." దానికి నేను, "ఉంటే సీడీలో ఎందుకు లేదు? ఎవడో కోసేశాడు!" అని బస్సంతా వినేలా అరిచాను.

ఎవడు కోశాడు? నాకు క్షణం పట్టలేదు. క్యాసెట్టు ఎవరి దగ్గరుంది? యూసుఫ్ గారి దగ్గర. పోయినేడు శేషగిరిరావు కూతురి పెళ్ళి వీడియో ఎవరు తీశారు? యూసుఫ్ గారు. విచారణకు రెండు రోజుల ముందు శేషగిరిరావు తెల్లకారు ఎవరి షాపు ముందు ఆగింది? కళ్ళారా చూశాను. మూడు చుక్కలు కలిపి గీత గీశాను. నేను తెచ్చుకుని చదివే విప్లవ కరపత్రాల్లో ఉన్నది అదే కదా, ప్రతి ద్రోహం వెనకా ఒక సరుకుంటుంది, ఒక కొనుగోలుదారుంటాడు అని. నా వరస తప్పు చేసి ఉంటుందేమో అన్న ఊహ కలలోకి కూడా రాలేదు. నేను రాసింది ఎలా తప్పవుతుంది?

ఆ వారంలోనే పనిలోకి వెళ్ళడం మానేసి, రెండు వందల కాగితాలు అచ్చు వేయించాను. అవును నాన్నగారూ, ఆ కాగితం వేసింది నేనే. 'కొల్లేటి ప్రజలారా! అమ్ముడుపోయిన కెమెరాను గుర్తించండి!' అన్న మాట నాదే. కింద పేరు పెట్టకుండా 'ఒక కొల్లేటి బిడ్డ' అని పెట్టిన పిరికితనమూ నాదే. బస్టాండులో, స్టేషన్ రోడ్డులో, మార్కెట్ యార్డు గేటుకి అంటించాను. యూసుఫ్ గారి షాపు తలుపుకి కూడా అంటించాను.

ఫలితం వెంటనే వచ్చింది. పెంటపాడు నుంచి ఒక పెళ్ళివాళ్ళు వచ్చి తమ క్యాసెట్టు వెనక్కి తీసుకుపోయారు. ఎవరో బోర్డు మీద తారు పూశారు. యూసుఫ్ గారి అమ్మాయి రేష్మాను కాలేజీలో, "మీ నాన్న రేటెంతే?" అని అడిగారట. నాకు అప్పుడు చాలా సంతోషంగా ఉంది. ప్రజలు మేలుకుంటున్నారనుకున్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అనుకున్నాను.

మొన్న ఆదివారం యార్డు గేటు దగ్గర టీ తాగుతున్నాను. టీకొట్టు అతను నా కాగితం చదివి పక్కవాడితో, "అందుకేనండీ, వాళ్ళని నమ్మకూడదంటారు," అన్నాడు. నేను, "వాళ్ళంటే ఎవరు?" అన్నాను. "అదేనండీ, మీకు తెలీదేంటి, వాళ్ళు," అన్నాడు. నా కాగితంలో ఆ మాట లేదు. వెతికినా దొరకదు. కానీ ఆ మాట అనడానికి అతని చేతికి కాగితం ఇచ్చింది నేను. గ్లాసు నేలకేసి కొట్టి, "నా ముందు ఇంకోసారి ఆ మాటంటే నీ పొయ్యి కాలవలో ఉంటుంది!" అని అరిచాను. అతను బిత్తరపోయి, "నేనేమన్నానండీ, ఈ కాగితంలో ఉన్నదే కదండీ," అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం షాపుకి వెళ్ళాను. క్షమాపణకి కాదు, పోట్లాటకే వెళ్ళాను. రాళ్ళు పెకలించారని ఆ పొద్దున్నే మన సొసైటీ నుంచి ఫోను వచ్చింది. ఇక రాళ్ళున్నాయని చెప్పేది లోకంలో ఆ క్యాసెట్టొక్కటే. మీకు తెలియనిది ఏమిటంటే, సీడీ అయిపోయాక కంప్యూటర్లో ఉన్న వీడియోను చెరిపెయ్యమని నా వరసలో ఆఖరి వాక్యం ఉంది. చోటు చాలదని నేనే పెట్టాను. షాపులో క్యాసెట్లు కూడా అంతే, ఒక పెళ్ళి అయిపోతే దాని మీద ఇంకో పెళ్ళి ఎక్కించేస్తారు. అంటే మన సాక్ష్యం మీద ఈపాటికి ఎవరి తలంబ్రాలో పడి ఉండాలి.

యూసుఫ్ గారు స్టూలు ఎక్కి, గుడ్డ కిరసనాయిల్లో ముంచి బోర్డు మీద తారు తుడుస్తున్నారు. నేను రోడ్డు మీద నుంచే మొదలుపెట్టాను. క్యాసెట్టు ఎక్కడ పెట్టారు, ఎంతకి అమ్మారు, మా నాన్నను నలుగురిలో నవ్వులపాలు చేసి మీరు ఏం బావుకున్నారు అని అరిచాను. పక్క కొట్ల వాళ్ళంతా బయటికొచ్చారు.

ఆయన గుడ్డ పిండుకుంటూ, "అరవడం అయిందా?" అన్నారు.

"అవలేదు!"

"అయితే కానీ. ఈ మూల కొంచెం మిగిలింది, తుడిచేసి దిగుతా." మళ్ళీ అన్నారు, "పోస్టరుకి జిగురు మాత్రం మంచిదే వాడావురా. తలుపు మీద గోరుతో గీకినా రావట్లేదు."

పేరు పెట్టకపోయినా ఆయనకు తెలుసు! నాకు ఇంకా మండిపోయింది. "తెలిసి కూడా నన్నేమీ అనలేదంటే మీలో తప్పు ఉన్నట్టేగా?" అన్నాను. అప్పుడు లోపలి నుంచి ఆయన భార్య కమరున్నీసమ్మ గారు వచ్చారు. ఏడాదిన్నరగా మధ్యాహ్నం పూట నాకు అన్నం పెట్టిన మనిషి. ఆవిడ అరవలేదు. "బాబూ, నేను కలిపి పెట్టిన ముద్ద తిన్న చేత్తోనే రాశావా, లేకపోతే ఎడమచేత్తో రాశావా?" అని అడిగారు. నన్ను చూడకుండా మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

యూసుఫ్ గారు స్టూలు దిగి, చేతులు కడుక్కుని, బీరువా తీసి క్యాసెట్టు నా చేతిలో పెట్టారు. దాని మీద మళ్ళీ ఎక్కించడానికి వీల్లేకుండా వెనక ఉన్న చిన్న తాళం జరిపి ఉంది. "ఒట్టు పెట్టుకున్న క్యాసెట్టు మీద పెళ్ళెలా ఎక్కిస్తానురా? మీ నాన్న నోట్లో నీళ్ళతో ఉన్నాడు. ఆ రోజు శేషగిరిరావు కారులో వచ్చింది దీనికే. కావాలన్నాడు. లేదన్నాను. ముందే అడిగితే నీకిచ్చేవాణ్ణి కదా," అన్నారు.

కెమెరాను టీవీకి తగిలించి క్యాసెట్టు వేశాను. వరస లేదు, కంప్యూటర్ లేదు. మీరు నీళ్ళు నోట్లో పోసుకున్నారు. తరవాత పదకొండు నిమిషాలు.

నాన్నగారూ, నేను పుట్టి ఇరవై రెండేళ్ళయింది. మిమ్మల్ని పదకొండు నిమిషాలు ఆపకుండా చూడడం అదే మొదలు. బుగ్గలు నిండి ఉన్నాయి. మెడ మీద నరం లేచింది. కిక్కిస పొదల పక్కనుంచి గెడ వేస్తున్నారు, మోకాలు నొప్పి పెట్టిన ప్రతిసారీ ఎడమకాలు కొంచెం ఎత్తుతున్నారు. రాయి దగ్గరకు రాగానే గెడ నిలువుగా దించి, రెండుసార్లు తాకి, కెమెరా వంక తిరిగి, తలొక్కటి ఊపుతున్నారు. మూడో రాయి శేషగిరిరావు గట్టుకి అవతల ఉంది. మీరు దోనె గట్టుకి కట్టి, గట్టెక్కి, అటువైపు మోకాలి లోతు చెరువులోకి దిగి తాకారు. అంటే గట్టు ఎంత లోపలికి వచ్చిందో నోరు విప్పకుండా చెప్పేశారు. నాలుగు దోనెల్లో జనం. ఒక్కరూ దగ్గలేదు. మీకు దగ్గు వచ్చినట్టుంది, అయిదో రాయి దగ్గర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోట్లోంచి మాత్రం చుక్క పడలేదు.

అన్నీ ఉన్నాయి. ఎవడూ ఏమీ కొయ్యలేదు.

అయినా నమ్మలేదు నేను. అదే క్యాసెట్టును మళ్ళీ వరసలో వేశాను. పని అయ్యాక ఏ వాక్యం ఏం చేసిందో చెప్పే చిట్టా ఒకటి వస్తుంది. ఇన్నాళ్ళూ దాన్ని ఒక్కసారి తెరిచి చదవలేదు. ఈసారి చదివాను. మూడో వాక్యం దగ్గర ఇలా ఉంది. నాలుగో నిమిషం నుంచి పదిహేనో నిమిషం దాకా: ఖాళీ. తీసివేయబడింది.

కోసింది నేను.

పనికిరాని ముక్కలు ఏరే వాక్యం అది. పెళ్ళిళ్ళలో కెమెరా ఆపడం మరిచిపోయి భోజనానికి పోతారు, సీడీలో అరగంట కుర్చీ కాళ్ళు కనపడతాయి, జనం మమ్మల్ని తిడతారు. అందుకని ఒక నియమం రాశాను. అర నిమిషం పాటు మాటా పాటా వినపడకపోతే ఆ ముక్క ఎవరికీ అక్కర్లేదు, తీసేయ్ అని. గెడ రాయికి తగిలిన చప్పుడు నీళ్ళ కిందది, నా నియమానికి ఆనలేదు. కొల్లేటిలో పుట్టినవాణ్ణి. పుక్కిట నీళ్ళ ఒట్టు తాత ఒళ్ళో కూర్చుని విన్నవాణ్ణి. మాట్లాడనిదాన్ని ఏమనాలని యంత్రం అడిగితే, ఖాళీ అనమని చెప్పింది నేను. మీ ఒట్టుకి ఆ పేరు పెట్టింది నేను. ఊరు మిమ్మల్ని ఏ గుణానికి ఎంచిందో ఆ గుణాన్నే ఏరి పారేశాను.

ఇంకోటి ఉంది. ఇది రాయకుండా ఉత్తరం ముగిస్తే మళ్ళీ కోసినట్టే. సీడీ తయారైన రోజున యూసుఫ్ గారు, "ఒకసారి వేసి చూద్దాం రా, మీ నాన్న బాగా వచ్చాడు," అన్నారు. నేను, "మనిషి చెయ్యి పడిన చోటే మోసం పడుతుందండీ. ఇది ప్రజల సాక్ష్యం. మీరు ముట్టుకోవద్దు," అన్నాను. కరపత్రంలో చదివిన మాట కాదు, నేనే కల్పించాను, ఎంత బాగుందో అని మురిసిపోయాను కూడా. ఆయన నవ్వారు. ఆయన చూసి ఉంటే ఏలూరులో మిమ్మల్ని చూసి ఒక్క బంట్రోతు కూడా నవ్వేవాడు కాదు. మూడు రాళ్ళూ నీళ్ళలోనే ఉండేవి.

చిట్టా ఆయనకి చూపించాను. చాలాసేపు చదివారు. "అయితే నీ కంప్యూటరుకి మీ నాన్న కనపడలేదన్నమాట," అన్నారు. అంతే. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాడి మీద ఎదురు తిరగొచ్చు. నేను లోపలికి వెళ్ళి కమరున్నీసమ్మ గారి ముందు నిలబడ్డాను. ఆవిడ, "నాకు చెప్పి ఏం లాభం బాబూ? రెండు వందల కాగితాలు వేశావు. ఆ రెండు వందల చోట్లా చెప్పు," అన్నారు. అన్నం మాత్రం పెట్టలేదు. పెట్టనందుకు ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది. నేను ఇప్పుడు హోటల్లో తింటున్నాను. ఇది మీ మొదటి ప్రశ్నకు మిగిలిన జవాబు.

నిన్నా ఇవాళా ఆవిడ చెప్పిన పనే చేశాను. కొత్త కాగితం వేశాను. 'యూసుఫ్ గారు నిర్దోషి. కోసింది నేను. జ్ఞానయ్య కొడుకు రాజరత్నం, మొగిలిలంక' అని పేరూ ఊరూ పెట్టి, పాతది అంటించిన ప్రతి చోటా దాని మీదే అంటించాను. టీకొట్టు అతని చేతికిచ్చి పైకి చదివించాను. రేష్మా చదివే కాలేజీ గేటు దగ్గర నిలబడి పంచాను. "వీడికి పిచ్చి పట్టింది" అని ఇద్దరు నవ్వుకున్నారు. నవ్వనీండి. మీరు ఏలూరులో భరించినదాని ముందు ఇదేపాటి?

నా కోపం చల్లారిందనుకోకండి. శేషగిరిరావు మీద కోపం నిన్నటికన్నా ఎక్కువైంది. వాడు క్యాసెట్టు కోసం వచ్చాడంటే, అందులో ఏముందో వాడికి తెలుసు. తెలిసి కూడా మెట్ల మీద మీ భుజం తట్టాడు! గడువు పూర్తి కాకుండా రాళ్ళు పెకలించాడు. నీళ్ళ మీద బతికేవాళ్ళ సరిహద్దును ఎక్కడో కుర్చీలో కూర్చుని రాసేసే పద్ధతి మీదా నాకు కోపమే. కానీ నా చేతకానితనానికి ఒక అమాయకుడి తలుపు దొరికితే దాని మీద అంటించడం కోపం కాదు. దాన్ని ఏమనాలో మీకే తెలియాలి.

వరసను నేను పారేయలేదు. మూడో వాక్యం మార్చాను. ఇప్పుడు అది దేన్నీ తీసేయదు. మాట వినపడని ముక్క వచ్చినప్పుడల్లా ఆగి, మనిషి వచ్చి చూసేదాకా ముందుకు కదలదు.

ఇక చేయవలసింది. సోమవారం ఏలూరులో సీడీ ఇవ్వం. క్యాసెట్టునే కెమెరాలో పెట్టి అధికారి ముందు వేస్తాం. యూసుఫ్ గారు కెమెరా పట్టుకొని స్వయంగా వస్తానన్నారు. నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆయనే, "తీసింది నేను కదరా, తీశానని చెప్పాలి కదా," అన్నారు. అంతకుముందు ఊరంతా ఆ క్యాసెట్టు చూడాలి. ఏ రాయి ఎక్కడుండేదో తెలిసిన ప్రతివాళ్ళూ చూశామని సంతకం పెట్టాలి, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయాలి. పెకలించిన మూడు రాళ్ళకీ ఆ సంతకాలే రాళ్ళు.

కాబట్టి ఆదివారం, ఇరవై అయిదో తారీఖు, ఉదయం సరిగ్గా ఎనిమిది గంటలకు అందరూ సొసైటీ షెడ్డు దగ్గరకు రావాలి. ఆడవాళ్ళూ రావాలి, ముసలివాళ్ళనీ దోనెల్లో తీసుకురావాలి. మీతో ఏలూరు వచ్చి, ఆ నవ్వులు విని తల దించుకున్న మనవాళ్ళు అయిదుగురూ ముందు వరసలో కూర్చోవాలి. టీవీ వేసే ముందు ఈ ఉత్తరం చదవాలి, మొదటి మాట నుంచి చివరిదాకా, ఏ ముక్కా వదలకుండా. మీరు పైకి చదవరు కాబట్టి అమ్మ చదవాలి, ఆవిడ చదవలేకపోతే నేనే చదువుతాను. యూసుఫ్ గారికి మన ఊరి తరఫున కుర్చీ వేయండి. ఆయన ముందు నేను నిలబడతాను.

మీరు ఒక్క పని చెయ్యండి. రేవులోంచి ఒక చెంబు నీళ్ళు తెచ్చి షెడ్డులో ఉంచండి. ఉత్తరం చదవడం అయ్యాక, క్యాసెట్టు మొదలయ్యే ముందు, మీ చేత్తో నా దోసిట్లో పోయండి. ఆ పదకొండు నిమిషాలూ నా నోట్లో నీళ్ళుండాలి.

ఎనిమిది గంటలకు. ఆలస్యం చేయవద్దని అందరికీ చెప్పండి.

ఇట్లు,
మీ మాట వినపడని మీ కొడుకు,
రాజరత్నం.